పానా మన వాడలోనే ఉండాల

బోరింగు చెడిపోతే మనం ఏం చేస్తున్నాం? సర్పంచికి చెబుతున్నాం. ఆయన మండలాఫీసుకి చెబుతానంటాడు. అక్కడ మెకానిక్కు ఖాళీ లేదంటారు. ఈలోగా మన ఆడవాళ్లు బిందెలు పట్టుకుని ఎవరి బావి దగ్గరికో, ఎవరి మోటారు దగ్గరికో పోయి మాటలు పడుతున్నారు. అరిగింది ఒక్క వాషరు. పోతున్నది వాడ పరువు.

నీళ్ల దగ్గర మాట ఎంతదూరం పోతుందో మనకు తెలియంది కాదు. 1985 జూలై 17న కారంచేడులో ఆరుగురు మాదిగలను చంపిన దాడికి మొదలు మంచినీళ్ల చెరువు దగ్గరి గొడవే.

మిషను పని మనకేం తెలుసు అని కొందరంటారు. ఆ మాట మనది కాదు, మన నోట పెట్టిన మాట. మోటార్లు రాకముందు ఊరి పొలాలకు నీళ్లు తోడిన మోట తొండం కుట్టిందెవరు? చిరిగితే అతికిందెవరు? మాదిగలు కాదా! ఊరి మరమ్మతు వెట్టిగా చేసినవాళ్లం, మన నీళ్ల దగ్గరికొచ్చేసరికి చేతగానివాళ్లం ఎట్లా అయ్యాం? బోరింగులోనూ చాలాకాలం నీళ్లు పైకి తెచ్చింది తోలు వాషర్లే. రబ్బరువి తర్వాత వచ్చాయి.

ఇదేం బ్రహ్మవిద్య కాదు. పైమూత విప్పి గొలుసుకు గ్రీజు పెట్టడం, వదులైన నట్లు బిగించడం పానాలతో అయ్యే పని. లోపలి వాషరు మార్చేదగ్గరే తేడా ఉంది. ఇండియా మార్క్ 2 పంపుకి పైపులన్నీ పైకి లాగాల. దానికి సామాను, మనుషులు, నేర్పు కావాల. 1980లలో తయారైన మార్క్ 3 పంపుకి పైపు వెడల్పు, రెండున్నర అంగుళాలు. పైపు కదపకుండానే కడ్డీలతో పాటు పిస్టను బయటికొస్తుంది. ఊరివాళ్లే బాగుచేసుకోవాలని దాన్ని అట్లా చేశారు. మీ వాడలో ఉన్నది ఏ రకమో ముందు చూసుకోండి.

1990లలో ఉత్తరప్రదేశ్ బాందా జిల్లాలో దళిత స్త్రీలు, చదువురానివాళ్లు సైతం, మహిళా సమాఖ్య శిక్షణతో చేతిపంపు మెకానిక్కులయ్యారు. వాళ్లకు వచ్చిన పని మనకెందుకు రాదు?

అయితే అన్నీ మనమే చేసుకోవాలని మేము చెప్పడం లేదు. లైన్‌మన్ రాలేదని ట్రాన్స్‌ఫార్మరు మీద చెయ్యి వెయ్యొద్దు, స్తంభం ఎక్కొద్దు. అది జీతం తీసుకునేవాడి పని. రాకపోతే ఆఫీసు ముందు కూర్చుందాం. రక్షణ లేకుండా మనిషిని సెప్టిక్ ట్యాంకులోకి దింపడాన్ని 2013 చట్టం నిషేధించింది. ప్రాణం తీసే పనికేమో 'మీ కులం పని' అంటారు. పానా పట్టే పనికేమో 'మీకు చేతకాదు' అంటారు. ఈ రెండు మాటలనూ తిప్పికొట్టాల.

మనం బాగుచేసుకుంటే సర్కారు బాధ్యత తీరిపోదు. 1992 నాటి 73వ రాజ్యాంగ సవరణ తాగునీటిని పంచాయతీలకు అప్పగించదగ్గ పనుల్లో చేర్చింది. కాబట్టి వాషర్లకు, గొలుసుకు, గ్రీజుకు డబ్బు పంచాయతీయే పెట్టాల. గ్రామసభలో లేచి అడగాల, తీర్మానం రాయించాల. కుళాయిలు వచ్చాయి కదా అని బోరింగును వదిలెయ్యొద్దు. కరెంటు పోయిననాడు అదే దిక్కు.

కార్యకర్తలారా! ప్రతి వాడలో ఇద్దరు స్త్రీలు, ఇద్దరు యువకులు ఈ పని నేర్చుకునేటట్టు చూడండి. పానాలు ఏ ఒక్కరింట్లోనో కాదు, సంఘం దగ్గర ఉండాల. ఒక చేత అర్జీ, ఒక చేత పానా పట్టుకుందాం. జై భీం!