ముల్గీ కిరాయికి తీసుకునే ముందు

కోరుట్లలో ఒక సోదరి బొటిక్ తెరిచిన పదకొండు నెలలకే మూతపడింది. కాగితం గడువు తీరగానే యజమాని కిరాయిని 7,000 నుంచి 11,000కు పెంచమన్నాడు. ఆమె ఒప్పుకోలేదు. షట్టర్ దించే నాటికి గాజు తలుపులకు, ర్యాకులకు, దీపాలకు పెట్టిన 1,40,000 రూపాయలు ఆ గోడలకే అంటుకుపోయాయి. గల్ఫ్‌లో ఉన్న భర్త చెమటోడ్చి పంపిన సొమ్ము అది. ఆమె కిరాయినామా తీసుకుని మా వద్దకు వచ్చేసరికే ఆలస్యమైపోయింది. బిగించిన సామాను యజమానికే చెందుతుందని మూడో పేజీలో ఒక వాక్యం ఉంది. ఆమె అది చదవకుండానే సంతకం చేసింది.

మన ఆడపిల్లలకు కుట్టుపని నేర్పించేవారున్నారు, మిషన్లు ఇప్పించేవారున్నారు. కిరాయినామా చదవడం నేర్పేవారు మాత్రం జగిత్యాలలో గానీ, సిరిసిల్లలో గానీ మాకు కనిపించలేదు.

అసలు అందరూ పదకొండు నెలలే ఎందుకు రాయించుకుంటారు? ఏడాది దాటిన లీజును 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం తప్పనిసరిగా రిజిస్టర్ చేయించాలి. ఆ ఖర్చు తప్పించుకోవడానికే ఈ పద్ధతి. గడువు తీరాక యజమాని కిరాయి పుచ్చుకుంటూ ఉంటే అది నెలవారీ కిరాయి అవుతుంది. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం ప్రకారం అప్పుడు 15 రోజుల నోటీసు చాలు, ఖాళీ చేయాల్సిందే. లక్షన్నర పెట్టిన వారికి 15 రోజుల భద్రత! అదే చట్టంలోని 108వ సెక్షన్, ఒప్పందంలో వేరుగా రాసుకోకపోతే, కిరాయిదారు తాను బిగించిన వాటిని ఖాళీ చేసేలోపు విప్పుకుపోయే హక్కు ఇస్తోంది. ఆ హక్కును తుడిచివేసే వాక్యం ఎక్కడుందో ముందుగా వెతకాలి. మూడేళ్ల లీజు రాయించి రిజిస్టర్ చేయించడం, ఏటా పెంపు ఎంత శాతమో, డిపాజిట్ ఎన్ని రోజుల్లో తిరిగి ఇస్తారో అందులో చేర్పించడం ఖర్చుతో కూడిన పనే. అయినా పోయే సొమ్ముతో పోలిస్తే అది స్వల్పం.

లెక్క కూడా ఒకసారి వేసి చూడాలి. కిరాయి 10,000, కరెంటు, సహాయకురాలి జీతం కలిపి 8,000 అనుకుందాం. ఒక్కో కుట్టుపై 150 మిగిలితే, నెలకు మొదటి 120 కుట్లు ఆ ఖర్చులకే పోతాయి. 121వ కుట్టు నుంచే ఇంటికి. రంజాన్ మాసంలో ఇది సులభమే. తరువాతి నెలల మాటేమిటి? పైగా రంజాన్ ఏటా దాదాపు 11 రోజులు ముందుకు జరుగుతుంది, కిరాయి తేదీ మాత్రం జరగదు.

సిరిసిల్ల సంగతి వేరు. అక్కడి బజారు మరమగ్గాల మీద ఆధారపడింది. 2017లో బతుకమ్మ చీరల ఆర్డర్లు మొదలయ్యాక కార్మికుల చేతిలో డబ్బు ఆడింది. ఆర్డర్లు ఆగినప్పుడు మగ్గాలతో పాటు దుకాణాలూ వెలవెలబోయాయి. అక్కడ ముల్గీ తీసుకునేవారు సెస్‌కు పాత కిరాయిదారు కరెంటు బకాయి ఏమైనా పడ్డాడేమో ముందే అడిగి తెలుసుకోవాలి. జగిత్యాల యావర్ రోడ్డు వైపు తీసుకునేవారు రోడ్డు విస్తరణలో ఆ షట్టర్ ఎంత పోతుందో మున్సిపాలిటీలో విచారించాలి. పరిహారం మాట వస్తే పత్రాల్లో ఉండేది యజమాని పేరే.

వక్ఫ్ ముల్గీల గురించి ఒక మాట. పాత కిరాయిదారుకు పగిడీ ఇచ్చి చేతులు మార్చుకుంటున్నవారు, అది సొంతమైనట్టే భావిస్తున్నారు. వక్ఫ్ ఆస్తిని ఏడాదికి మించి కిరాయికి ఇవ్వాలంటే బోర్డు ముందస్తు అనుమతి ఉండాలి, లేకపోతే ఆ లీజు చెల్లదు. పగిడీకి రసీదూ ఉండదు. ఖాళీ అయిన వక్ఫ్ ముల్గీలను వితంతువులకు, ఒంటరి మహిళలకు పారదర్శకంగా, రాతపూర్వకంగా కేటాయించాలని మేము కోరుతున్నాము. అడగవలసిన హక్కు ఇది.

కోరుట్ల సోదరి ఇప్పుడు ఇంటి ముందు గదిలోనే కుడుతోంది. డిపాజిట్‌లో 20,000 ఆమెకు ఇంకా రావలసి ఉంది.