వేగం ఇంజిన్‌లో లేదు, లైన్‌లో ఉంది

‘బండిని ఇంకింత ఉరికిస్తే ఏం పోతది సార్?’ అని నా దగ్గర లెక్కలు నేర్చుకునే పిల్లలు అడుగుతుంటారు. సిద్దిపేటలో సికింద్రాబాద్ రైలెక్కే పెద్దలదీ అదే ప్రశ్న. 2023 అక్టోబర్ 3న మా ఊరి నుంచి తొలి ప్యాసింజర్ బండి కదిలింది. ఆ సంబురం సద్దుమణిగాక పోలికలు మొదలయ్యాయి. రైల్లో పట్నం చేరడానికి మూడు గంటలు అటూఇటూ పడుతుంది. రాజీవ్ రహదారి మీద బస్సు అంతకంటే ముందే సికింద్రాబాద్‌లోని జేబీఎస్ బస్టాండ్‌లో దించుతుంది. అందుకే అందరి నోటా ఒకటే మాట: స్పీడ్ పెంచాలి. ముందుగా అడగాల్సింది అది కాదని నా వాదన.

కంప్యూటర్‌లో రైళ్లు నడపడం నాకున్న సరదా. ఓపెన్ రైల్స్ అనే సిమ్యులేటర్ ఉచితంగానే దొరుకుతుంది. అందులో ఒక బండి మన చేతిలో ఉంటుంది, మిగతావి కంప్యూటరే నడుపుతుంది. వాటి గరిష్ఠ వేగం సెకనుకు ఎన్ని మీటర్లో ఫైలులో మనమే రాసిపెట్టొచ్చు. గంటకు 80 కిలోమీటర్లంటే 22.2, వందంటే 27.8. కొత్తగా ఆడేవాళ్ల చెయ్యి ముందు ఆ అంకె మీదికే పోతుంది. కానీ ఎంత రాసినా, స్పీడ్ బోర్డు 50 అంటే బండి 50 దాటదు. ఎర్ర సిగ్నల్ పడితే ఆగుతుంది. సింగిల్ లైన్ మీద ఎదురుగా ఇంకో బండి వస్తుంటే, రెండింట్లో ఒకటి స్టేషన్‌లో పక్కకు తప్పుకునే లూప్ లైన్‌లో నిలబడాల్సిందే. అంకె రెట్టింపు చేస్తే ఏమవుతుంది? తొందరగా వచ్చి ఎక్కువసేపు నిలబడుతుంది, అంతే.

మా లైన్ సంగతీ ఇదే. మనోహరాబాద్ నుంచి కొత్తపల్లి దాకా 151 కిలోమీటర్ల ఈ మార్గానికి 2016 ఆగస్టు 7న గజ్వేల్ దగ్గరి కోమటిబండలో ప్రధాని మోదీ శంకుస్థాపన చేశారు. అందులో సిద్దిపేట దాకా 76 కిలోమీటర్లు, అదీ సింగిల్ లైన్. ఎక్కడా ఆగకుండా 80 వేగంతో పోతే 57 నిమిషాలు పడుతుంది, వందతో పోతే 46. మిగిలేది 11 నిమిషాలు. దారిలో ఒక్క క్రాసింగ్ కోసం పావుగంట నిలబడితే ఆ 11 పోయి, ఇంకో నాలుగు నష్టం. కొడకండ్ల, గజ్వేల్ లాంటి చోట్ల ఆగిన ప్రతిసారీ వేగం మళ్లీ మొదటి నుంచి అందుకోవాలి. మనోహరాబాద్ చేరాక నిజామాబాద్ వైపు బండ్ల మధ్య సందు దొరకాలి.

నిజం రైళ్లలోనూ వేగం మీద కంప్యూటర్ కన్నేసే రోజులొచ్చాయి. రైళ్లు ఢీకొనకుండా చూసే ‘కవచ్’ వ్యవస్థ ప్రయోగాలు మన దక్షిణ మధ్య రైల్వేలోనే జరిగాయి. 2022 మార్చి 4న గుల్లగూడ, చిట్‌గిద్ద స్టేషన్ల మధ్య రైల్వే మంత్రి అశ్వినీ వైష్ణవ్ ఎక్కిన ఇంజిన్, ఎదుటి ఇంజిన్‌కు 380 మీటర్ల దూరంలో దానంతట అదే ఆగింది. స్లీపర్లకు బిగించిన ట్యాగులు బండి ఎక్కడుందో చెబుతాయి. ముందున్న సిగ్నల్ ఏమిటో రేడియో చెబుతుంది. లోకో పైలట్ హద్దు మీరితే ముందు హెచ్చరిక, వినకపోతే బ్రేకు. ఇంత తెలివైన యంత్రం చేసే పని బండిని ఉరికించడం కాదు, ఎక్కడి దాకా ఎంత వేగంతో పోవచ్చో చూసుకోవడం. ఆ అనుమతి ఇచ్చేది పట్టాలు, సిగ్నళ్లు, ముందున్న ఖాళీ.

పట్టాలు బలపరిచి వేగ పరిమితి పెంచొద్దని నేననడం లేదు. ఏది ముందో తేల్చుకోవాలంటున్నాను. బండి ఏ స్టేషన్‌లో ఎంతసేపు, ఎందుకు నిలబడుతోందో నెలనెలా రైల్వే బయటపెట్టాలి. కొత్తపల్లి దాకా లైన్ పూర్తయి గూడ్సు బండ్లు పెరిగేలోపే అవసరమైన చోట లూప్ లైన్లు చూసుకోవాలి. కొలువులకు, కాలేజీలకు పోయేవాళ్ల వేళలకు టైమింగ్ కుదర్చాలి. మన ఎంపీని, ఎమ్మెల్యేలను అడగాల్సినవి ఇవి. నిలబడే పావుగంట తగ్గాక పెంచే ప్రతి కిలోమీటరూ ప్రయాణికుడికి కలిసొస్తుంది. అంతకుముందే పెంచితే అది లూప్ లైన్‌లోనే ఖర్చయిపోతుంది.