పరీక్ష కొండ యెక్కవలయును

ఇల్లలుకగానే పండుగ కాదని మన పెద్దలందురు. రక్తపుబొట్టు తీసికొన్నంత మాత్రమున రోగము నివారణమైనట్లు సంతసించు వైద్యపాలకులకు ఈ సామెతను మరల వినిపింపవలసి వచ్చినది. ఫలితమును, ఆ ఫలితముయొక్క యర్థమును, అందుకు తగిన మందును తల్లి చేతికి చేర్పజాలని పరీక్ష లెక్కల పుస్తకమునకు మేలు చేయునేమోగాని బిడ్డకు చేయదు. విశాఖ మన్యమందలి సికిల్ సెల్ వ్యాధిని, అనగా కొడవలికణ రక్తహీనతను గూర్చి మేము చెప్పదలచినది ఈ యొక్క మాటయే.

విశాఖపట్టణము ఈనాడు మహానగరము. 1933లో ఓడరేవు తెరువబడినది. 1971లో ఉక్కు కర్మాగారమునకు శంకుస్థాపన జరిగినది. 2018లో వైద్యపరికరములను తయారుచేయు మెడ్‌టెక్ జోన్ వెలసినది. 1923లో స్థాపింపబడిన ఆంధ్ర వైద్యకళాశాలయు, దానికనుబంధమైన కింగ్ జార్జి ఆసుపత్రియు ఉత్తరాంధ్రమందలి పేదలకు పెద్దదిక్కులు. ఇన్ని గల నగరమునకు నూరు మైళ్లలోపుననే పాడేరు, అరకు, చింతపల్లి, ముంచంగిపుట్టు కొండలలో బగత, కొండదొర, వాల్మీకి, కోందు, పోర్జ, గదబ కుటుంబముల బిడ్డలలో ఎందరో తమ యెముకలలోని నొప్పికి పేరేమో తెలియకయే యేడ్చుచున్నారు. దీపము క్రింది చీకటి యన నిదియే గదా!

ఈ వ్యాధి యెట్టిదో చదువరులకు కొంత చెప్పవలయును. 1910లో షికాగో వైద్యుడు జేమ్స్ హెర్రిక్ ఒక రోగి రక్తమందు కొడవలివలె వంగిన కణములను గూర్చి లోకమునకు తెలిపెను. 1949లో లైనస్ పాలింగ్ ప్రభృతులు ఆ దోషము రక్తమునకు ఎఱ్ఱదనమిచ్చు హీమోగ్లోబిన్ అణువులోనే యున్నదని నిరూపించిరి. ఆ యణువునందలి బీటా గొలుసున ఆఱవ స్థానమున ఒక అమైనో ఆమ్లమునకు మాఱుగా మఱియొకటి నిలుచుటయే యీ బాధకంతటికిని మూలము. వంగిన కణములు సన్నని నాళములలో చిక్కుకొని రక్తప్రసారము నడ్డగించును. చేతులు కాళ్లు వాచును, ప్లీహము చెడును, పసిబిడ్డకు జ్వరమే మృత్యువు కావచ్చును. తలిదండ్రుల నిరువురి నుండియు ఈ జన్యువు వచ్చినచో బిడ్డ రోగియగును. ఒక్కరి నుండియే వచ్చినచో వాహకుడు మాత్రమగును. వాహకుడు రోగి కాడు. దంపతులిరువురును వాహకులైనచో ప్రతి కాన్పునందును బిడ్డ రోగియగుటకు నాల్గింట నొకపాలు, వాహకుడగుటకు సగపాలు అవకాశము కలదు.

కేంద్రప్రభుత్వము 2023 జూలై 1న మధ్యప్రదేశమందలి షాడోల్‌లో ఈ వ్యాధి నిర్మూలనోద్యమమును ప్రారంభించినది. ఆంధ్రప్రదేశము సహా 17 రాష్ట్రములలో 40 ఏండ్లలోపు వారిని 7 కోట్లమందిని మూడేండ్లలో పరీక్షింపవలయుననియు, 2047 నాటికి ఈ వ్యాధి ప్రజారోగ్యసమస్య కాకుండ చేయవలయుననియు సంకల్పము. సంకల్పము గొప్పది, మేము దానిని నిందింపము. కాని కోట్ల లెక్క పెట్టుకొన్నచోట లెక్కయే లక్ష్యమగు ప్రమాదము కలదు. గ్రామములలో మొదట చేయదగిన ద్రావణ పరీక్ష కొడవలి హీమోగ్లోబిన్ ఉన్నదో లేదో చెప్పునేగాని, ఆ మనుష్యుడు రోగియో వాహకుడో చెప్పదు. అది తేల్చుటకు ఎలెక్ట్రోఫోరిసిస్ పరీక్షయో హెచ్.పి.ఎల్.సి. యంత్రమో కావలయును. పుట్టిన కొన్ని నెలల వరకు శిశువు రక్తమందు గర్భకాలపు హీమోగ్లోబినే యధికము గనుక వారికి ఆ మొదటి పరీక్ష పనికిరాదు. ఒకరి నుండి కొడవలి జన్యువును, మఱియొకరి నుండి బీటా తలసేమియా జన్యువును పొందిన బిడ్డయు రోగియే. అట్టి చిక్కు కేసులలో నిజము తేల్చుటకు డి.ఎన్.ఎ. పరీక్షయే శరణ్యము. కావున మొదటి పరీక్ష తలుపు తట్టుట మాత్రమే. తలుపు తట్టి వెళ్లిపోయినవానిని అతిథి యందుమా?

రెండవ పరీక్ష అందనిచో జరుగునదేమి? వాహకుడు రోగినని భ్రమించి జీవితమంతయు భయపడును. రోగి వాహకుడనుకొని మందు మానును. హైడ్రాక్సీయూరియా యను మాత్ర నొప్పులను, ఆసుపత్రి పాలగుటలను తగ్గించునది. కొత్తది గాదు, కోట్ల ఖరీదైనదియు గాదు. కాని దానిని వాడువారికి అప్పుడప్పుడు రక్తకణముల లెక్క చూడవలయును. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టము ఈ వ్యాధిని వైకల్యములలో చేర్చినది. రాష్ట్రప్రభుత్వము 2020లో ఈ రోగులకు నెలకు 10,000 రూపాయల పింఛను నిచ్చుట కారంభించినది. నిర్ధారణపత్రము లేనివానికి ఆ మాత్రయు, ఆ పింఛనును అందని మ్రానిపండ్లే.

ఇందుకు కొందఱు, “రోడ్డు లేదు, డోలీలో రోగులను మోయుచున్నారు, అట్టిచోట జన్యుపరీక్ష లేల? మొదట బియ్యము, బాట చూడుడు” అందురు. వినుటకు ఇది దయగా నున్నది. తరచి చూచిన దయ గాదు. డోలీలో మోయబడుచున్న వారిలో ఈ వ్యాధిగ్రస్తులును ఉందురు గదా! బాట పడువరకు మాత్ర ఆగవలెనా? బాట లేకున్నను రక్తము ప్రయాణింపగలదు. శిశువు మడమనుండి తీసిన బొట్టు ప్రత్యేకపు కాగితముపై ఆఱినచో సంచిలో పెట్టుకొని నగరమునకు తేవచ్చును. కాగితము దిగగల కొండను బాలెంత యేల దిగవలయును?

మఱికొందఱు, “వారు దగ్గఱి సంబంధములు చేసికొందురు, అనుభవింతురు” అందురు. మేనమామకు మేనకోడలినిచ్చి, మేనరికములను మురిసి చేసికొను మైదానపు తెలుగువారి నోట ఈ మాట రాదగునా? బీటా తలసేమియా వాహకులు మన దేశమున నూటికి మువ్వురు నలుగురు ఉందురని వైద్యుల యంచనా; ఆ జన్యువు కొండయని, పట్టణమని చూడదు. ఇంతకును ఈ కొడవలి జన్యువు కొండవారి తప్పునకు శిక్ష గాదు. వాహకులకు ప్రాణాంతకమైన మలేరియానుండి రక్షణ కలదని ఆంథొనీ ఆలిసన్ 1954లో చూపెను. పూర్వము మైదానపు టధికారులు పేరు వినియే వణకిన మన్యపు జ్వరము పాలిపడిన నేలలలో ఈ జన్యువు నిలుచుటకు కారణమిదియే. పూర్వులకు డాలైనది మనుమలకు కత్తియైనది. ఇందు సిగ్గుపడవలసిన దేమియు లేదు.

ఇక మా ముఖ్యమైన భయమును చెప్పెదము. ఈ యుద్యమమున జన్యుస్థితిని దెలుపు కార్డులిచ్చి, పెండ్లికి ముందు రెండింటిని పోల్చి చూచుకొనుడని బోధించుచున్నారు. తెలిసి చేయుట మంచిదే. కాని జాతకములు పొసగలేదని, మూలానక్షత్రమని ఆడుపిల్లలను త్రోసివేసిన దేశము మనది. ఆ చేతులలో ఈ కార్డు మఱియొక జాతకచక్రము కాదని ఎవరు పూచీ? జన్యువు తండ్రినుండియు తల్లినుండియు సమముగా వచ్చుచుండ, నింద కోడలిమీదనే పడుట మన యిండ్ల యాచారము. అమెరికాలో 1970 దశకారంభమున పలు రాష్ట్రములు నల్లజాతివారిపై ఈ పరీక్షను నిర్బంధముగా విధించెను. వాహకునికిని రోగికిని భేదము బోధింపనందున ఆరోగ్యవంతులే ఉద్యోగములందు, భీమాయందు నష్టపడిరి. అచటి వైమానికదళ విద్యాలయము 1981 వరకు వాహకులను చేర్చుకొనలేదు. సైప్రస్ ద్వీపమందు మఱియొక మార్గము త్రొక్కిరి. 1983 నుండి అచటి క్రైస్తవసంఘము వివాహమునకు ముందు తలసేమియా పరీక్ష చేయించుకొన్న పత్రము నడిగెనేగాని, వాహకులు పెండ్లాడుటను నిషేధింపలేదు. చాలమంది తెలిసియు పెండ్లాడిరి. గర్భస్థశిశువును పరీక్షింపించుకొను వసతి వారికి సిద్ధముగా నుండెను. కొన్ని యేండ్లలోనే వ్యాధితో పుట్టు బిడ్డలు మిక్కిలి యరుదైరి. రెంటికిని భేదము పరీక్షలో లేదు, దాని వెనుకనున్న యేర్పాటులో నున్నది.

మన చట్టమును 1994 నుండియే హీమోగ్లోబిన్ దోషములకై గర్భస్థశిశు పరీక్షను అనుమతించినది. కాని యా పరీక్షకు మూడవనెల ప్రాంతము తగిన కాలము. అయిదవనెలలో మొదటిమాఱు నర్సును చూచిన స్త్రీకి ఆ హక్కు పేరునకే హక్కు. ఏమి చేయవలయునో నిర్ణయించువారు ఆ దంపతులే. వారికి కాలముండగా తెలుపుట మాత్రము ప్రభుత్వధర్మము.

2022 ఏప్రిల్ 4న పాత విశాఖజిల్లా మూడుగా చీలి, కొండలు అల్లూరి సీతారామరాజు జిల్లాలో చేరినవి. పటముమీద గీత పడినది; రోగి మాత్రము పెద్ద ఆసుపత్రికై ఆ గీతను దాటవలసినదే. కావున రెండు జిల్లాల యధికారులును కలిసి యొక్కటే ప్రణాళిక వ్రాసికొనవలయును. అందు మేము కోరునవి కొలదిమాత్రమే. ఇంగ్లండులో 2006 నాటికి పుట్టిన ప్రతి శిశువునకును జాతిభేదము లేక ఈ పరీక్ష జరుగునట్లు చేసిరి. మన్యమందు ప్రతి కాన్పునకును అట్లే జరుగవలయును. 2024లో వైద్యవిద్య మొదలైన పాడేరుననే నిర్ధారణపరీక్ష పూర్తి కావలయును. ఫలితము ఇన్ని దినములలో చేరునని గడువు నిర్ణయించి, దానిని ఆశా కార్యకర్త ఇంటికి వచ్చియో, వారపు సంతలోని శిబిరమందు ఏకాంతముగానో, కువి యనిన కువిలో, ఆదివాసీ ఒడియా యనిన ఒడియాలో చెప్పవలయును. మాత్రలు దగ్గఱి ప్రాథమిక ఆరోగ్యకేంద్రమున ఎల్లప్పుడు నుండవలయును. ఇకమీదట నివేదికలలో “ఎందఱిని పరీక్షించితిమి” అను వరుసకు ముందు “ఎందఱికి మందందుచున్నది” అను వరుస నుంచవలయును.

చదువరులారా! ఓడలు నిలుపుటకు సముద్రమును త్రవ్విన నగరము మనది. ఇనుమును నీరుగా కరగించిన నగరము మనది. ఒక్క రక్తపుబొట్టును కొండనుండి దింపి, దాని సమాధానమును మరల కొండకెక్కించుట మనకు అసాధ్యమని యెవరైన ననిన నమ్మకుడు. లేనిది శక్తి గాదు, కొండమీది బిడ్డయు మన బిడ్డయే యను తలంపు. ఆ తలంపు కలిగిననాడు మార్గము తానే కనబడును.