వేడి మిద్దెలనుండి విద్యుత్తు

వేసవి అపరాహ్ణమున సిమెంటు మిద్దె క్రింద గూర్చుండినవారికి, ఆ కప్పులో నెంత వేడిమి నిలువయై యుండునో వేఱుగ జెప్పనక్కఱలేదు. ఆ వేడిమినే విద్యుత్తుగ మార్చుకొనవచ్చునని శాస్త్రజ్ఞులు కొందఱు చెప్పుచున్నారు. వినుటకు సొంపుగనే యున్నది. వాదము సొంపుగనున్నప్పుడే సాక్ష్యమును మఱింత నిశితముగ విచారింపవలెనని మా వృత్తి మాకు నేర్పినది.

మూలసూత్రము క్రొత్తది గాదు. రెండు భిన్నలోహములను జతపఱచి, ఒక కూడలిని వేడిచేసి వేఱొకదానిని చల్లగ నుంచినచో దిక్సూచి ముల్లు కదలుట 1821లో సీబెక్ పండితుడు గనెను. ఆయన దానిని అయస్కాంతధర్మమనియే తలంచెను. అది విద్యుత్ప్రవాహమని పిమ్మట తేలినది. వట్టి సిమెంటులో నీగుణము మిక్కిలి స్వల్పము. కార్బను నారలు, గ్రాఫైటు కలిపి చూచిరి. ఈ సామర్థ్యమును గొలుచు గుణాంకము బిస్మతు టెల్యూరైడునకు ఇంచుమించు 1. కార్బను కలిపిన సిమెంటు పెక్కు ప్రయోగములలో నందు సహస్రాంశమైన నందుకొనలేదు.

2025లో చీనాదేశపు సౌత్‌ఈస్ట్ విశ్వవిద్యాలయమువారు, మొక్కకాడలోని పొరల మాదిరిగ, సిమెంటు పొరలను హైడ్రోజెల్ పొరలను ఒకదానిపై నొకటి పేర్చిరి. హైడ్రాక్సైడు అయానులు జెల్‌గుండ త్వరగ బోవును. కాల్షియం అయానులు పొరల సందున చిక్కుకొని వెనుకబడును. ఈ వేగభేదమువలన డిగ్రీకి 40.5 మిల్లీవోల్టులును, 0.066 గుణాంకమును లభించినవి. మెచ్చదగిన కృషియే.

అయినను లెక్క వేయుదము. మిద్దెపైని 60 డిగ్రీలు, లోపల 30 డిగ్రీలు అనుకొందము. ఈ గుణాంకముతో, కప్పుగుండ దిగు వేడిమిలో వేయింట రెండుపాళ్లయినను విద్యుత్తు గాదు. అదే మిద్దెపై సూర్యఫలకమును బెట్టినచో, పడిన యెండలో వేయింట 200 పాళ్లవఱకు దక్కును. పైగా నీడయును గలుగును. మఱియొక చిక్కు గలదు. అయానులు బయటి తీగలోనికి దాటలేవు, కొనలయందు ప్రోగగును. ఆ ఆవేశమును ఒకమాఱు తీసికొన్నపిమ్మట, వేడిమి తగ్గి మరల హెచ్చినగాని తిరిగి పనిచేయవు. మన గ్రీష్మమున జెల్ ఎండక యెన్నియేండ్లు నిలుచును? ఆ పొరల గోడ కప్పు బరువును మోయునా? నిరూపణభారము వాదిపైననే యున్నది.

అన్నిటికంటె ముఖ్యమొకటి. ఏ పదార్థమునుండియైనను విద్యుత్తు హెచ్చుగ రావలెనన్న, దానిగుండ వేడిమి హెచ్చుగ బాఱవలెను. ఇంటివాడు కోరునది దీనికి సరిగా విరుద్ధము! కావున పరిశోధన సాగవలసినదే కాని, వేడిమిని బయటికి ద్రోసివేయు కర్మాగారముల గోడలచెంత ముందుగ సాగవలెను. తాడిపత్రి, ఎఱ్ఱగుంట్ల, నల్లగొండ ప్రాంతముల సిమెంటు కర్మాగారములు గలవు. మన కళాశాలలు వారితో గూడి, ఈ మిశ్రముల బలమును, మన్నికను, ఖర్చును పరీక్షించి ప్రకటింపవలెను.

రేకులక్రింద, పలుచని కప్పులక్రింద వసించు కూలివారికి ఈ వేసవికే కావలసినది తెల్లని పూత. తెలంగాణ ప్రభుత్వము 2023లో చల్లనికప్పుల విధానమును ప్రకటించినది. పురపాలకసంఘములు తమ ఆయవ్యయపట్టికలయందు ఈ పూతకు మొదట సొమ్ము చూపవలెను. విద్యుత్తిచ్చు గోడల ప్రదర్శనలు పిమ్మట జూడవచ్చును.