తాతలనాటి యింటికి రంగులు తగవా?

"తాతలనాటి యిల్లు గంభీరముగా నుండవలెను. దానికి వెల్లయే తగిన యలంకారము. రంగులు, లతలు, చిలుకలు పిల్లచేష్టలు" అను మాట తమిళనాటను, కన్నడదేశమునను తరతరములుగా స్థిరపడిన మన కుటుంబములలో తరచుగా వినబడుచున్నది. ఏ కోడలో, ఏ మనుమరాలో చావడిగోడకు ఆకుపచ్చరంగు వేయుదమన్నను, మండువా చుట్టు పూలయంచు దిద్దుదమన్నను, పెద్దలు కనుబొమలు ముడిచి "ఇది వంశగౌరవము నిలిచిన యిల్లు, నాటకశాల కాదు" అని నోరు మూయింతురు. ఈ మాటలో పెద్దరికము గలదు గాని సత్యము లేదని మనవి చేయుటకే యీ వ్యాసము.

గౌరవమునకు తెలుపే వర్ణమని మనకు బోధించినవా రెవరు? పూర్వుల యిండ్లను ఒకపరి తలచుకొనుడు. గడపకు పసుపు, పసుపుపై కుంకుమబొట్లు, గోడ యడుగున జాజుపట్టె, సున్నములో కలిపిన నీలిమందు, ద్వారమునకు మామిడితోరణము, వాకిట దినదినము క్రొత్తముగ్గు. ఆ ముగ్గునే తమిళులు కోలమందురు, కన్నడిగులు రంగవల్లి యందురు, మహారాష్ట్రులు రాంగోళి యందురు. ఒడిసాలో మార్గశిర గురువారములందు బియ్యపుపిండితో దిద్దు ఝోటి నేలనుండి గోడలమీదికి కూడ ప్రాకును. మనము ఏ నేలపై కాపురము పెట్టినను, ఆ నేల రంగును గీతను నిషేధింపలేదు. నిషేధించినది మన భయమే.

తెల్లపొణికి కఱ్ఱతో చేసిన కొండపల్లి బొమ్మను రంగు లేకుండ కొలువులో నిలిపిన గృహిణి యెవరైన కలదా? లేపాక్షి వీరభద్రాలయమున పైకప్పు చిత్రములలో 16వ శతాబ్దపు స్త్రీలు కట్టిన చీరలను చూడుడు. ఎన్ని యంచులు, ఎన్ని గళ్లు, ఎన్ని పూలు! దేవుని సన్నిధిలో చిన్నతనము కానిది మన చావడిలో చిన్నతన మెట్లగును?

మచిలీపట్టణము మొదలగు కోరమండల తీరపు రేవులనుండి అద్దకపు వస్త్రములను 17, 18 శతాబ్దములలో డచ్చివారును, ఇంగ్లీషువారును ఓడల కెక్కించుకొనిపోయిరి. ఆ పూలచెట్లను, పక్షులను అచ్చటి సంపన్నులు మంచములకును గోడలకును వ్రేలాడదీసి మురిసిరి. మన చేతిపని పరుల సౌధములకు గౌరవమై, మన సౌధములకు గౌరవభంగ మగుట వింత గాదా?

"పూర్వుల చేతిగుర్తును చెరపరాదు గదా" యని కొందఱు ప్రశ్నింతురు. ఇది మన్నింపదగిన ప్రశ్న. దీనికి సమాధానము తంజావూరులోనే యున్నది. ఆ రాజ్యము నేలిన నాయకరాజులు తెలుగువారు. బృహదీశ్వరాలయమున గర్భగృహము చుట్టునున్న లోపలి ప్రదక్షిణమార్గపు గోడలపై వారి కాలమున చిత్రములు వ్రాయబడినవి. 1931లో ఎస్. కె. గోవిందస్వామిగారు ఆ పొర క్రింద చోళులనాటి చిత్రము లున్నట్లు కనుగొనిరి. తరువాతి కాలమున పురావస్తుశాఖవారు కొన్నిచోట్ల పైపొరను చెదరకుండ విడదీసి, వేఱు పలకలపై నిలిపి, రెండింటిని కాపాడిరి. ఇందు రెండు పాఠములు గలవు. ప్రతితరమును తన రంగును గోడకెక్కించుట పూర్వాచారమే యనునది మొదటిది. క్రిందిపొర యేదో తెలియక దానిని పోగొట్టరాదనునది రెండవది. మన పెద్దలు రెండవ పాఠమును పట్టుకొని మొదటిదానిని మఱచినారు.

రంగు వేయువారికిని ఒక హెచ్చరిక. సున్నపుగోడ ఊపిరి తీయు గోడ. లోనికి చేరిన తేమ ఆ పొరగుండ ఆవిరియై వెలికి పోవును. దానిపై ప్లాస్టిక్ ఎమల్షను గాని నూనెరంగు గాని పూసినచో తేమ లోపలనే చిక్కి, పూత బుడగలు దేలి, గార పెచ్చులుగా రాలును. జాజు, పసుపుమన్ను వంటి మట్టిరంగులు సున్నముతో చక్కగా కలియును, సున్నపు ఘాటునకు నిలుచును. చెక్కడపు టేకు ద్వారబంధమునకు ఎనామిలు దట్టించుట అలంకారము గాదు, అపచారము. చెక్కిన గీతలన్నియు అందు పూడిపోవును. పని మొదలిడుటకు ముందు ఒక మూల జానెడు మేర మెల్లగా గీకి అడుగున నేమున్నదో చూడుడు. పాతచిత్రము కనబడినచో చేయి యాపుడు. లేనిచో ఆ జానెడు మేర పాతపొరలను సాక్ష్యముగా నిలిపి, తక్కిన గోడను పిల్లల కప్పగింపుడు.

అసలు ప్రమాదము రంగువలన రాదు. మన బిడ్డలు బడిలో తమిళమో, కన్నడమో, ఒడియయో, మరాఠీయో చదువుచున్నారు. అనేక గృహములలో తెలుగు మాటగా మిగిలినదే గాని వ్రాతగా మిగులలేదు. అట్టి బిడ్డలకు తాతలనాటి యిల్లే పెద్దబాలశిక్ష. ఆ పుస్తకమును ముట్టవద్దు, నమస్కరించి పొమ్మన్నచో వారు నమస్కరించియే పోవుదురు. గోడపై చిలుకను దిద్దుటకు అధికారము లేని మనుమనికి, పెద్దలు గతించిన పిదప ఆ గోడను విక్రయించుటకు మాత్రము సంపూర్ణాధికారము వచ్చును. నాడు క్రయపత్రముపై సంతకము చేయబోవు చేతిని ఒక్కక్షణ మాపగలది ఏదైన నున్నచో, అది చిన్ననాడు ఆ చేతికంటిన రంగే.

వెల్లవేసి తాళము పెట్టిన యిల్లు పవిత్రముగా నున్నదని మురియు పెద్దలారా! బూజు కూడ తెల్లగానే యుండును. రాబోవు సంక్రాంతికి వాకిటి ముగ్గుతో తృప్తి చెందక, ఒక గోడను పిల్లలకు విడిచిపెట్టుడు. వారు నెమలిని వ్రాసినను సరే, గాలిపటమును వ్రాసినను సరే, ఏనుగుకు నీలిరంగు వేసినను సరే. వంశగౌరవము అంతమాత్రమునకు కూలునంత బలహీనమైనచో దానిని సున్నమును కాపాడలేదు.