ఫిల్టరుకూ ఒక తేదీ ఉండాలి

అమ్మకో నాన్నకో బదిలీ అయిన ప్రతిసారీ మనకు ఊరు మారుతుంది, బడి మారుతుంది, నీళ్ల రుచీ మారుతుంది. కొత్త బడిలో కుళాయి పక్కన ఫిల్టరు కనిపిస్తే చాలు, నిశ్చింతగా బాటిల్ నింపుకుంటాం.

చాలా ఫిల్టర్లలో ఉండేది యాక్టివేటెడ్ కార్బన్. దాన్ని కొబ్బరి చిప్పల బొగ్గుతోనూ చేస్తారు. ఒక్క గ్రాములోని సూక్ష్మరంధ్రాల గోడలు పరిస్తే 500 చదరపు మీటర్లు దాటుతాయి. నీటిలోని పురుగుమందులు, రంగులు, వాసన కలిగించే సేంద్రియ పదార్థాలు ఆ గోడలకు అంటుకుంటాయి. ఇదే అధిశోషణం.

కెమిస్ట్రీ ల్యాబులో మేము సిరా నీళ్లను ఈ బొగ్గుపొడి గుండా వడకట్టాం. మొదట తేటగా దిగాయి. అదే పొడిలో మళ్లీ మళ్లీ పోస్తే చివరికి నీలి నీళ్లే వచ్చాయి. చోటు నిండిన బొగ్గు ఇక దేన్నీ పట్టుకోలేదు. సిరా కాబట్టి మాకు తెలిసింది. పురుగుమందు రంగు చూపించదు కదా!

మేము కొత్త ఫిల్టరు అడగడం లేదు. ఉన్నదాని మీద కార్ట్రిడ్జ్ మార్చిన తేదీ, మళ్లీ మార్చాల్సిన తేదీ రాయమంటున్నాం. ఆ పని విద్యార్థులకే అప్పగించండి. వచ్చే ఏడాది మేము మరో ఊళ్లో ఉండవచ్చు. మా తర్వాత వచ్చేవాళ్లు ఆ తేదీ చూసి బాటిల్ నింపుకుంటారు.