పోయినది కాగితమే, కార్మికుని పరువు కాదు

సూరత్ జిల్లా ఓల్పాడ్ తాలూకాలోని కిమ్ పట్టణము ముంబయి–అహమ్మదాబాదు రైలు మార్గమున సూరత్, భరూచ్ నగరముల నడుమ నున్నది. ఆ పరిసరములందును, పొరుగున నున్న పిపోదరా పారిశ్రామికవాడ యందును మరమగ్గముల చప్పుడు రేయింబవళ్లు ఆగదు. ఒడిశా, ఉత్తర ప్రదేశ్, బీహారు కార్మికులతో బాటు తెలుగునాటి నేత కుటుంబములకు సూరత్ ప్రాంతముతో దశాబ్దముల అనుబంధము కలదు. వరంగల్లు, కరీంనగర్, నల్లగొండ జిల్లాల నుండి వచ్చిన పద్మశాలీలు ఎందరో ఇచట స్థిరపడినారు. సూరత్ మునిసిపల్ కార్పొరేషన్ తెలుగు మాధ్యమమున పాఠశాలలు నడుపుచుండుటయే ఇందుకు నిదర్శనము.

ఇట్టి ఒక నేత కార్మికుని ఉదాహరణగా తీసికొందము. మగ్గముపై పన్నెండు గంటల షిఫ్టు చేసినను ఇల్లు గడవక, గల్ఫు దేశములో కొలువు వెదకుకొన్నాడు. పాస్‌పోర్టు ఉన్నది. అతనిపై నేరచరిత్ర ఏదియు లేదని ప్రభుత్వము ఇచ్చు పోలీసు క్లియరెన్స్ సర్టిఫికెట్టు కావలెనని కొలువిచ్చువారు కోరినారు. 500 రూపాయల రుసుము చెల్లించినాడు. కూలి పోగొట్టుకొని తిరిగినాడు. విచారణ పూర్తియై పత్రము చేతికి వచ్చినది. పదిమంది పడుకొను గదిలో, రేకుల క్రింద, సంచిలో దాచుకొన్నాడు. ఒక్క వానకు గది తడిసి పత్రము ముద్దయైనది. మరల కార్యాలయమునకు పోయినచో వచ్చు సమాధానము ఒక్కటే: "క్రొత్తగా దరఖాస్తు పెట్టుకొనుము." మరల 500 రూపాయలు, మరల విచారణ, మరల పోగొట్టుకొన్న కూలి. ఇంతలో వీసా గడువు ముగియవచ్చును. కొలువు మరియొకనికి పోవచ్చును.

ఇది చిన్న విషయమని కొందరు పెదవి విరువవచ్చును. కాగితము భద్రపరచుకొనలేనివానిదే తప్పని అనువారును కలరు. అట్టివారికి మేము రెండు సంగతులు జ్ఞాపకము చేయుచున్నాము. 2006 ఆగస్టులో ఉకాయి జలాశయము నుండి వదలిన నీటితో తాపీ పొంగి సూరత్ నగరమున అధిక భాగమును ముంచివేసినప్పుడు, కార్మికవాడలలో పెట్టెలు, బట్టలు, కాగితములు ఎవరి చేతిలో నిలిచినవి? 2021 జనవరిలో ఒక రాత్రి కిమ్–మాండ్వీ రహదారి ప్రక్కన నిదురించుచున్న వలస కూలీలపై లారీ దూసికొనిపోగా 15 మంది మరణించిరి. వారిలో అత్యధికులు రాజస్థాన్ నుండి పొట్టకూటికై వచ్చినవారు. రోడ్డు ప్రక్కనే పడక గలవానికి కాగితము భద్రముగా దాచుకొనుమని చెప్పుట హితవు కాదు, పరిహాసము.

అసలు చిక్కు ఎచట నున్నదో చూతము. పాస్‌పోర్టు పోయినను, చినిగినను దానిని మరల జారీ చేయుటకు నియమావళిలో ప్రత్యేక మార్గము కలదు. "పోయినది", "పాడైనది" అని కారణము వ్రాసి దరఖాస్తు చేయవచ్చును. కాని ఆ పాస్‌పోర్టును ఆధారము చేసికొని, అదే కార్యాలయము ఇచ్చు ఈ సర్టిఫికెట్టుకు అట్టి మార్గము లేదు. మొదటిసారి అడుగువానికిని, పోగొట్టుకొన్నవానికిని ఒక్కటే దరఖాస్తు. అనగా పెద్ద పత్రమునకు నకలు కలదు. చిన్న పత్రమునకు లేదు. నీరు తగిలి చెడినది కాగితము. విచారణకు మరల నిలువవలసినవాడు మనిషి!

దీనికి అధికారులు చెప్పు సమాధానమును మేము ఎరుగుదుము. "మొదటి పత్రము ఇచ్చిన తరువాత ఆ వ్యక్తి నేరము చేసియుండవచ్చును, పాత మాటను మరల ఎట్లు ధ్రువపరచగలము?" అని వారందురు. ఈ ప్రశ్న న్యాయమైనదే. కాని దీనికి సమాధానము సులభము. నకలుపై మొదటి పత్రపు తేదీయే ఉండును. ఫలానా తేదీ నాటికి ఫలానా వ్యక్తిపై ప్రతికూల సమాచారము లేదని మొదటి పత్రము చెప్పినది. నకలు కూడ అంతకు మించి ఒక్క మాట చెప్పదు. ఆ తేదీ పాతదా, చెల్లునా అని తేల్చుకొనవలసినది పత్రమును కోరినవారు. పత్రము నాటి నుండి కొద్ది నెలలే చెల్లునని పలు దేశములు గడువు పెట్టుకొన్నవి. గడువు దాటినచో క్రొత్త దరఖాస్తు పెట్టవలసినదే. అందుకు మేము అభ్యంతరము చెప్పము. గడువులో నున్న పత్రమునకు నకలు నిరాకరించుటనే మేము తప్పుపట్టుచున్నాము.

ఈ నకలు కోరుట దయాభిక్ష కాదు. చట్టము ఇందుకు ఆధారము చూపుచున్నది. ప్రభుత్వాధికారి వద్దనున్న, ప్రజలకు చూచు హక్కు గల పత్రమునకు రుసుము తీసికొని ధ్రువీకరించిన నకలు ఇవ్వవలెనని 1872 నాటి సాక్ష్య చట్టము 76వ సెక్షను చెప్పినది. 2024 జూలై 1 నుండి అమలులోనికి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమమున 75వ సెక్షను అదే సూత్రమును నిలిపినది. 2005 నాటి సమాచార హక్కు చట్టము ధ్రువీకరించిన నకళ్లు పొందుటను హక్కుగా పేర్కొన్నది. తన పేరిట, తన రుసుముతో, తన కొరకు ప్రభుత్వము వ్రాసిన పత్రమును చూచు హక్కు ఆ కార్మికునికి లేకున్న మరెవరికి కలదు? విదేశమునకు పోవుట వ్యక్తి స్వేచ్ఛలో భాగమని, ఆ స్వేచ్ఛను పరిమితము చేయు విధానము న్యాయముగాను, సహేతుకముగాను ఉండవలెనని సుప్రీము కోర్టు 1978లో మేనకా గాంధీ కేసులో తీర్పు చెప్పినది. తడిసిన కాగితమునకై మనిషిని మరల విచారించుట సహేతుకమా?

"నేను నేరస్థుడను కాను" అని కాగితము చూపి బ్రతుకవలసిన దుర్గతి తెలుగువారికి క్రొత్తది కాదు. 1871లో ఆంగ్ల ప్రభుత్వము చేసిన నేరస్థ జాతుల చట్టము 1911 తరువాత మద్రాసు రాజధానికి కూడ వచ్చినది. ఎరుకలవంటి జాతులను పుట్టుకతోనే నేరస్థులని ముద్రవేసి, నేటి బాపట్ల జిల్లాలోని స్టువర్టుపురమువంటి సెటిల్‌మెంట్లలో నిలిపినారు. అచట హాజరు పలుకవలెను. బయటికి పోవలెనన్న పాసు ఉండవలెను. మద్రాసు రాష్ట్రము 1947లోను, దేశమంతట 1952లోను ఆ చట్టము రద్దయైనది. నేటి సర్టిఫికెట్టును నాటి పాసుతో సమానమని మేము అనము. కాని చేతిలో కాగితము లేనంతమాత్రమున పేదవానిని అనుమానించు అలవాటు మాత్రము ఆ కాలమునాటిదే.

కార్మిక సంఘములకు ఇందులో మరియొక ప్రమాదము కూడ కలదు. మొదటి పత్రము వచ్చినప్పుడు మన కార్మికునిపై ఏ కేసును లేదు. తరువాత కూలి రేట్ల కొరకు సమ్మె జరిగినది. నిషేధాజ్ఞలు ఉల్లంఘించినారని పదిమందిపై కేసు నమోదైనది. అందులో అతని పేరు కూడ వ్రాసినారు. ఇప్పుడు తడిసిన పత్రమునకు బదులు క్రొత్త విచారణకు పోయినచో, నేరము రుజువు కాకున్నను ఆ కేసు అతని బ్రతుకుదెరువుకు అడ్డు తగులును. నకలు ఇచ్చియున్నచో ఈ బాధ రాదు. పెండింగు కేసు వేరు, శిక్ష వేరు. ఈ భేదమును పాటింపని విచారణ సమ్మె హక్కుపై వేసిన మరియొక సంకెల. పత్రము పోవునను భయముతో కార్మికుడు సంఘ సమావేశమునకు రాకుండ నిలిచిపోయినచో, ఆ నష్టము అతనిది మాత్రమే కాదు, మనందరిది.

విదేశ ప్రభుత్వముల తీరు చూడుడు. యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్ 2018 ఫిబ్రవరిలో సత్ప్రవర్తన పత్రము తప్పనిసరి అన్నది. రెండు నెలలలోనే ఆ నియమమును నిలిపివేసినది. సౌదీ అరేబియా 2022 నవంబరులో భారతీయులకు ఈ పత్రము అవసరము లేదని ప్రకటించినది. రాజ్యములు ఒక్క ప్రకటనతో పెట్టి, ఒక్క ప్రకటనతో తీసివేయు నియమమునకు కార్మికుడు మాత్రము తన కొలువునే పణముగా పెట్టవలసి వచ్చుచున్నది.

ఇంకొక పోలిక చెప్పి మా కోర్కెలకు వత్తుము. 1979 నాటి అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టము ప్రతి వలస కార్మికునికి ఫోటోతో కూడిన పాసు పుస్తకము ఇవ్వవలసిన బాధ్యతను కాంట్రాక్టరుపై నుంచినది. కూలి రేటు, పనికాలము, తిరుగు ప్రయాణపు ఖర్చు అందులో వ్రాయవలెను. హిందీ, ఆంగ్లములతో బాటు కార్మికుని భాషలో కూడ వ్రాయవలెను. అనగా కిమ్ లోని మన నేతగానికి తెలుగులో పుస్తకము రావలసియుండెను. ఆ చట్టము స్థానమున ఇప్పుడు 2020 నాటి కోడు వచ్చినది. యజమాని కార్మికునికి ఇవ్వవలసిన కాగితమును గూర్చి నాలుగు దశాబ్దములు అడిగిన అధికారి అరుదు; కార్మికుడు చూపవలసిన కాగితమును మాత్రము అడుగని గుమ్మము లేదు.

కావున మేము ప్రభుత్వములను ఈ క్రింది విధముగా కోరుచున్నాము. ఒకటి, గడువులో నున్న సర్టిఫికెట్టు పోయినను, పాడైనను, మొదటి తేదీతోనే ధ్రువీకరించిన నకలును నామమాత్రపు రుసుముతో, క్రొత్త విచారణ లేకుండ ఇవ్వవలెను. రెండు, వరద, అగ్నిప్రమాదములలో పోయినవారికి ఆ రుసుమును కూడ మాఫీ చేయవలెను. మూడు, దరఖాస్తు పత్రములు, పోలీసు ఠాణాలలో వ్రాతకోతలు వలస కార్మికుని భాషలో కూడ లభింపవలెను. కిమ్ లో గుజరాతీ చదువలేని తెలుగువాడు దళారికి చిక్కుటకు ఇదియే మూలము. నాలుగు, సమ్మె కేసులను రుజువైన నేరములతో కలిపి చూపు పద్ధతిని మానవలెను.

మన సభ్యులు కూడ కొన్ని జాగ్రత్తలు పాటింపవలెను. సర్టిఫికెట్టు చేతికి వచ్చిననాడే దాని నకలు తీయించి, దరఖాస్తు ఫైలు నంబరుతో సహా సంఘ కార్యాలయమున ఒకటి, స్వగ్రామమున ఒకటి ఉంచుడు. పత్రము పోయినచో వెంటనే పోలీసులకు తెలిపి రశీదు తీసికొనుడు. మీ పేరిట మరొకడు దానిని వాడుకొనినచో ఆ రశీదే మీకు రక్ష. ఏ ఠాణాకు పోవలెనో తెలిసికొని పొండు: సూరత్ నగరము పోలీసు కమిషనరు క్రిందను, కిమ్ సూరత్ గ్రామీణ పోలీసు క్రిందను ఉన్నవి. చినిగిన, తడిసిన ముక్కలను పారవేయకుడు. పత్రమిచ్చిన కార్యాలయమునకే నకలు కొరకు వ్రాతమూలముగా దరఖాస్తు ఇండు. నోటిమాటతో త్రిప్పి పంపినచో కారణము వ్రాసి ఇమ్మని అడుగుడు. పాస్‌పోర్టు కార్యాలయమువంటి కేంద్ర ప్రభుత్వ కార్యాలయమైనచో 10 రూపాయల రుసుముతో సమాచార హక్కు దరఖాస్తు వేయవచ్చును; 30 దినములలో సమాధానము రావలెను. తొందర ఉన్నవారు దీనికై వేచియుండక క్రొత్త దరఖాస్తు కూడ పెట్టుకొనుట మేలు. మూడు రోజులలో నకలు తెచ్చెదనని చెప్పు దళారిని నమ్మకుడు. దొంగ పత్రముతో పట్టుబడినచో లేని నేరచరిత్ర నిజముగా వచ్చి చేరును.

ఒంటరిగా కిటికీ ముందు నిలుచువానికి "రేపు రా" అను జవాబు వచ్చును. ఇరువదిమంది ఒకే విన్నపముతో, సంఘ ప్రతినిధితో కలిసి పోయినప్పుడు ఆ కిటికీ వెనుక ఫైలు కదలును. ఇది మా అనుభవము. ప్రతి శాఖయు తన సభ్యులలో పత్రములు పోయినవారి, పాడైనవారి వివరములు సేకరించి కేంద్ర కార్యాలయమునకు పంపవలెనని విజ్ఞప్తి చేయుచున్నాము. వానిని ఒక్కటిగా కూర్చి ప్రభుత్వము ముందుంచుట మా బాధ్యత. కార్మికుని నిజాయితీ అతని చెమటలో నున్నది. దానికి సాక్ష్యముగా ప్రభుత్వము ఒకసారి ఇచ్చిన మాటను, కాగితము తడిసినంతమాత్రమున వెనుకకు తీసికొనరాదు.